ధాత కరవులో దైవ నడిపింపు

శతవత్సర పండుగ వేళ మన డయాసిస్ పెద్దల సేవను కృతజ్ఞతతో తలంచుకొనుచున్నాము. అయినను తెలుగుదేశములో ప్రభువు చేసిన కార్యములు ఏ ఒక్క మిషనుకు చెందిన ఆస్తి కావు. కావున మన సోదర సంఘమైన బాప్తిస్టు మిషను చరిత్రనుండి ఒక ఘట్టమును చదువరుల ముందుంచ గోరుచున్నాము.

అమెరికానుండి వచ్చిన జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు చేరిరి. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో అక్కడ సంఘము ఏర్పడెను. కొలది కాలమునకే ఒక చిక్కు వచ్చెను. మాదిగ సోదరులను చేర్చుకొన్నచో తాము దూరమగుదుమని అగ్రవర్ణముల వారు తెలిపిరి. దొరగారును, ఆయన భార్యయు వేర్వేరు గదులలో ప్రార్థించి గ్రంథము తెరువగా ఇద్దరికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయములోని ఒకే భాగము కనబడెనని ఆయన తన జీవితకథలో చెప్పుకొన్నారు. లోకము తృణీకరించిన వారిని దేవుడు ఏర్పరచుకొనుట అందలి విషయము. దానితో ఆయన త్రోవ తేలిపోయెను.

తరువాత 1876–78లో మన తాతలు ధాత కరవు అని చెప్పుకొనిన మహాక్షామము వచ్చెను. పంటలు లేవు, పనులు లేవు, ఆకలి వెంట కలరా వచ్చెను. ఆ దినములలో ప్రభుత్వము కరవు పనిగా బకింగ్‌హాం కాలువ త్రవ్వించుచుండెను. క్లౌ దొరగారు సుమారు మూడున్నర మైళ్ళ కాలువను గుత్తకు తీసికొనిరి. పాదిరి గారికి కాలువ పని ఎట్లు తెలిసెనని అడుగుదురేమో! యౌవనములో ఆయన మిన్నెసోటాలో భూమి సర్వే చేసిన మనిషి. ఈసారి గ్రంథము తెరచి వాక్యము వెదకనక్కర లేకపోయెను. దేవుడు ముందుగానే ఆయన చేతికి నేర్పిన పనియే ఇప్పుడు త్రోవ చూపెను. ఉపదేశకులే మేస్త్రీలై కూలి జట్లను నడిపిరి. జనులకు చేసిన పనికి కూలి దొరకెను, విశ్రాంతి వేళ ఓదార్పు మాట దొరకెను.

ఇంతకంటె కష్టమైన నిర్ణయము మరియొకటి గలదు. అనేకులు బాప్తిస్మము కోరిరి. అన్నము కొరకు వచ్చిరో, ప్రభువు కొరకు వచ్చిరో ఎవరు చెప్పగలరు? అందుచేత 1877 మార్చి మొదలు 1878 జూన్ వరకు, అనగా సుమారు 15 నెలలు, బాప్తిస్మములు నిలిపివేసిరి. అంత సమూహము వాకిట నిలిచియుండగా వద్దనుట ఏ మిషనరీకైనను తేలిక కాదు. వారు తరువాత తిరిగి వత్తురో రారో ఆయనకు తెలియదు. తెలియకయే దేవునికి విడిచిపెట్టిరి.

సహాయపు సొమ్ము ముగిసినది, ఇండ్లకు పొండని చెప్పినను జనులు వెళ్ళలేదు. మాకు సొమ్ము వద్దు, బాప్తిస్మము చాలుననిరి. ఒంగోలునకు ఉత్తరముగా గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు దినములలో 3,536 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు ఆరుగురు ఉపదేశకులు, ఇద్దరి చొప్పున వంతులవారీగా నీటిలో దిగిరి. జూలై 3న దొరగారు స్వయముగా ఒక్కరికైనను ఇయ్యలేదు.

ఆ 2,222 అను సంఖ్యను మనము తరచుగా చెప్పుకొందుము. దాని వెనుకనున్న 15 నెలల మౌనమును మరచిపోవుదుము. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన మొదలు 2020 నాటి కరోనా వరకు మన సంఘములును అన్నము, బట్టలు మోసికొని బాధితులయొద్దకు పోయినవి. అట్టి వేళ పుచ్చుకొనువాడు ఏ గుడికి పోవునని అడుగ బుద్ధి పుట్టును. నివేదికలో సంఖ్య చూపవలెననియు తోచును. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట మన వంతు, హృదయమును మార్చుట దేవుని వంతు. ఈ రెంటిని కలిపినచో రెండును చెడును.

దైవ నడిపింపు ఒకప్పుడు వాక్యముగా, ఒకప్పుడు నేర్చిన పనిగా, ఒకప్పుడు ఆగుమను హెచ్చరికగా వచ్చునని ఒంగోలు చరిత్ర మనకు నేర్పుచున్నది. రెండవ శతాబ్దములో అడుగిడు మన డయాసిస్‌కు చేయు చేతులతోపాటు ఆగు ఓర్పును ప్రభువు అనుగ్రహించును గాక.