తోలు వాషర్ నుంచి లారీ క్లచ్ దాకా

గేరు పడక కిరకిరలాడే పాత లారీని షెడ్డుకు తెచ్చిన డ్రైవర్ ముందే తీర్పు చెప్పేస్తాడు: "గాలి పట్టింది, ఎయిర్ తీసెయ్యన్నా." గాలి పట్టిన మాట నిజమే. ఎటునుంచి పట్టిందన్నదే అసలు సంగతి. దానికోసం 1790ల నాటి లండన్‌కు వెళ్లాలి.

మూసి ఉంచిన ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్నివైపులకూ సమానంగా పాకుతుందని పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు. తాళాల తయారీలో పేరుపడ్డ జోసెఫ్ బ్రామా ఆ సూత్రంతో ప్రెస్సు చేసి 1795లో పేటెంటు తీసుకున్నాడు. చిక్కల్లా పిస్టన్ పక్కనుంచి నీరు చిమ్మడమే. బిగిస్తే పిస్టన్ కదలదు, వదిలితే కారుతుంది. బ్రామా దగ్గర పనిచేసే హెన్రీ మాడ్‌స్లే దీనికి ఉపాయం కనిపెట్టాడంటారు. గిన్నెలా వంచిన తోలు వాషర్ అది. నీటి ఒత్తిడే దాని అంచును లోహానికి అదుముతుంది. ఒత్తిడి తగ్గితే అంచు వదులవుతుంది. మన చేతిపంపులో తోలు వాషర్ పట్టు కూడా ఇలాంటిదే. అంతటి పనివాడు జీతం పెంచమంటే బ్రామా కాదన్నాడు. 1797లో మాడ్‌స్లే బయటికొచ్చి సొంత షాపు పెట్టుకున్నాడు. నష్టం ఎవరిదో వేరే చెప్పాలా!

శతాబ్దం దాటాక అమెరికాలో మాల్కం లాక్‌హీడ్ ఈ ద్రవ ఒత్తిడి పద్ధతినే కారు బ్రేకులకు తెచ్చాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ అవి వచ్చాయి. తోలు మళ్లీ కారింది. 1924 నాటి క్రైస్లర్ ఇంజనీర్లు రబ్బరు కప్పులు వేసి గట్టెక్కించారు. తొలినాళ్ల బ్రేక్ ఆయిల్లో ఆముదం, ఆల్కహాల్ కలిసి ఉండేవి. క్లచ్ ఆ సరంజామానంతా అరువు తెచ్చుకుంది. కడ్డీలైతే ఇంజన్ ఊగితే సర్దుకోవు. ఆయిల్ పైపుకు ఏ వంపైనా ఒకటే.

కాబట్టి ఎయిర్ తీసే నిపుల్ మీద స్పానర్ పెట్టేముందు వాషర్ల, అంటే ఆ రబ్బరు కప్పుల సంగతి చూడాలి. రెండుమూడుసార్లు గబగబా తొక్కితే గేరు పడుతోందా? లోపల గాలి ఉండొచ్చు. తొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా దిగిపోతోందా, బయట చుక్క కూడా కనబడదా? పెడల్ నొక్కే మాస్టర్ సిలిండర్ కప్పు లోపలే ఆయిల్ వదిలేస్తోంది. అవతలి కొసన క్లచ్‌ను కదిపే స్లేవ్ సిలిండర్ బూటు తడిగా ఉంటే దొంగ అక్కడే దొరికాడు. వీటిని వదిలి ఎయిర్ తీస్తే వారం తిరక్కుండా లారీ మళ్లీ షెడ్డుకొస్తుంది.

ఎయిర్ తీయడం ఇద్దరి పని. పైన ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే కింద ఇంకొకరు నిపుల్ వదులు చేసి, బుడగలు పోయాక బిగించాలి. బిగించాకే పెడల్ వదలాలి. ముందే వదిలితే అదే నిపుల్‌లోంచి గాలిని మళ్లీ పీల్చుకుంటుంది. ఈలోగా పైన డబ్బాలో ఆయిల్ అడుగంటితే పని మొదటికొస్తుంది.

మామూలు బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చకపోతే ఇనుప సిలిండర్ లోపలి గోడ తుప్పుపట్టి గుంటలు పడుతుంది. అలాంటి గోడమీద కొత్త వాషర్ కిట్ వేసినా అంచు కోసుకుపోతుంది. అప్పుడు సిలిండరే మార్చాలి.