ఓట్లు పెరిగాయి, సీట్లు పోయాయి

మా తాతది కొల్లేటి గట్టున ఒక ఊరు. ఏలూరులో బస్సెక్కి కైకలూరు వైపు వెళ్తుంటే చేపల చెరువుల మధ్యలో దిగాలి. వేసవి సెలవులకి వెళ్ళినప్పుడల్లా అరుగు మీద కూర్చుని ఆయన చెప్పే మాట ఒకటుండేది. "యాభై అయిదులో మాకు ఓట్లు పెరిగాయిరా అబ్బాయ్, సీట్లు పోయాయి." మా తాత కమ్యూనిస్టు. చివరిదాకా కమ్యూనిస్టే. పరీక్ష తప్పినవాడు పేపరు కష్టంగా ఇచ్చారని చెప్పుకోవడం లాంటిదే ఇదీ అనుకునేవాణ్ణి. ఓట్లు పెరిగితే సీట్లు ఎలా పోతాయి? ఇంజనీరింగ్ చదివాక కూడా ఆ లెక్క చూడాలనిపించలేదు.

చూడాల్సి వచ్చింది 2024లో. జూన్ 4న మన ఫలితాలు వచ్చాయి. సరిగ్గా నెలకి, జూలై 4న, బ్రిటన్‌లో ఎన్నికలు. మా టీమ్‌లో లీడ్స్‌లో ఉండే ఒకతను, స్టట్‌గార్ట్‌లో ఉండే ఒకావిడ ఉన్నారు. సోమవారం కాల్‌లో పని మొదలయ్యేలోపు పది నిమిషాలు రాజకీయాలే. లీడ్స్ అతను లేబర్ పార్టీకి ఓటేశాడు, గెలిచాడు, అయినా సిగ్గుపడుతున్నట్టు మాట్లాడాడు. 33.7 శాతం ఓట్లకి 650లో 411 సీట్లు వచ్చాయి మరి. అదే పార్టీకి 2017లో 40 శాతం వస్తే 262 సీట్లతో ప్రతిపక్షంలో కూర్చుంది. ఓట్లు తగ్గాయి, సీట్లు పెరిగాయి! తాత మాట తలకిందులుగా వినపడింది.

ఆ రాత్రి ఎన్నికల సంఘం వాళ్ళ పాత గణాంకాల నివేదిక తెరిచాను.

1952లో మనం ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. ఆంధ్ర జిల్లాల్లో ఉన్న 140 సీట్లలో కమ్యూనిస్టులకి 41, కాంగ్రెస్‌కి 40. ఏలూరు లోక్‌సభకి అప్పట్లో ఇద్దరు సభ్యులు. ఒకరు కమ్యూనిస్టు కొండ్రు సుబ్బారావు, ఇంకొకరు కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ నుంచి బి.ఎస్. మూర్తి. ఇద్దరిలో ఒక్కరూ కాంగ్రెస్ కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఏడాది తిరిగాక, 1954 నవంబరులో, ప్రకాశం పంతులు ప్రభుత్వం మద్యనిషేధం మీద వచ్చిన అవిశ్వాసంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1955 ఫిబ్రవరిలో మళ్ళీ ఎన్నికలు. ఈసారి కాంగ్రెస్, ఎన్.జి. రంగా గారి కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఒకరి మీద ఒకరు పోటీ పెట్టుకోకుండా ఒక్క తాటి మీదికి వచ్చాయి. ఆ పొత్తు కుదర్చడానికి బొంబాయి నుంచి ఎస్.కె. పాటిల్ దిగాడు. పోలింగ్ ముందే మాస్కోలో ప్రావ్దా పత్రిక నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ రాస్తే కాంగ్రెస్ వాళ్ళు దాన్ని ఊరూరా ప్రచారం చేశారు. ఎర్రజెండా పట్టుకుని తిరుగుతున్న మా తాతలాంటి పాతికేళ్ళ కుర్రాళ్ళకి అది ఎలా ఉండి ఉంటుందో ఊహించగలను.

ఫలితం: 196 సీట్లలో కూటమికి 146. కమ్యూనిస్టులకి 15. ఓట్లు మాత్రం 31 శాతం పైన. 1952లో ఐదోవంతు దాటిన ఓటు మూడోవంతు దగ్గరికి వచ్చింది, సీట్లు 41 నుంచి 15కి పడ్డాయి. తాత చెప్పింది నిజమే. పూర్తి నిజం కాదు, అది కూడా చెప్పాలి. 1952లో కంటే చాలా ఎక్కువ చోట్ల నిలబడ్డారు కాబట్టి మొత్తం ఓటు పెరగడంలో ఆ వాటా కొంత ఉంది. తాత ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

ఇంకోటి కూడా చెప్పలేదు. దామాషా పద్ధతి ఉన్నా కూటమే గెలిచేది. వాళ్ళందరివీ కలిపితే సగం ఓట్ల దాకా ఉన్నాయి. మరి తేడా ఎక్కడ? 31 శాతం చొప్పున లెక్కేస్తే కమ్యూనిస్టులకి 61 సీట్లు రావాలి, వచ్చినవి 15. ప్రభుత్వం మారదు. సభలో ఎదుటి బెంచీ మీద కూర్చునేవాళ్ళు మారతారు. నాకు ఈ లెక్కలో అసలు సంగతి ఇదే అనిపించింది. మనం ఎన్నికల పద్ధతి గురించి ఎప్పుడు మాట్లాడినా ఎవరు గెలుస్తారు, ప్రభుత్వం నిలుస్తుందా అని అడుగుతాం. ఓడినవాళ్ళకి ఓటేసిన మనుషులు ఎక్కడికి పోయారని అడగం.

ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు ఈ మాయ ఇంకా బాగా కనిపిస్తుంది. ఉమ్మడి పశ్చిమ గోదావరిలో 15 అసెంబ్లీ సీట్లు. 2014లో తెలుగుదేశం, బీజేపీ పొత్తు పదిహేనుకి పదిహేనూ గెలిచింది. 2019లో వైసీపీకి 13. 2024లో కూటమికి మళ్ళీ పదిహేనుకి పదిహేను. బయటి నుంచి చూస్తే జిల్లా జనమంతా అయిదేళ్ళకోసారి ఒక్కసారిగా మనసు మార్చుకుంటారనిపిస్తుంది. గూడెం సంగతి మరీ చిత్రం. 2009లో ప్రజారాజ్యం, 2014లో బీజేపీ, 2019లో వైసీపీ, 2024లో జనసేన. నాలుగు ఎన్నికలు, నాలుగు పార్టీలు. గూడెం బజార్లో ఉల్లిపాయల మండీలో నిలబడి మాట్లాడితే మాత్రం పదేళ్ళ క్రితం ఎవరు ఏ పార్టీయో ఇప్పుడూ దాదాపు అదే పార్టీ. మనుషులు కాదు, పొత్తులు మారతాయి. పది శాతం అటూ ఇటూ జరిగితే సీట్లన్నీ దొర్లుకుంటూ ఒక పక్కకి పోతాయి.

రాష్ట్రం మొత్తం మీద చూడండి. 2019లో తెలుగుదేశానికి 39.17 శాతం ఓట్లు, 175లో 23 సీట్లు. 2024లో వైసీపీకి 39.37 శాతం, 11 సీట్లు. ఇంచుమించు ఒకే ఓటు. దామాషాలో అయితే ఇద్దరికీ దాదాపు 69 చొప్పున వచ్చేవి. 2019లో మా బాబాయి ఈ లెక్క వేసి అన్యాయం అన్నాడు. 2024లో అదే లెక్క నేను చూపిస్తే నవ్వి, "ప్రజాతీర్పురా" అన్నాడు. ప్రతిపక్ష హోదాకి పదోవంతు సీట్లు ఉండాలా వద్దా అని ఇప్పుడు తగువు. పదిమందిలో నలుగురు ఓటేసిన పార్టీ గురించి ఈ తగువు రావడమే నాకు వింతగా ఉంది.

ఇది మనకి బ్రిటిష్ వాళ్ళ నుంచి వచ్చిన పద్ధతి. రాజ్యాంగ సభలో దామాషా అడిగినవాళ్ళు లేకపోలేదు. 1949 జనవరిలో అంబేద్కర్ దాన్ని కాదన్నారు. అంత అక్షరాస్యత మనకి లేదు, చట్టసభ ముక్కలై ప్రభుత్వాలు నిలవవు అన్నారు. ఆ రోజుకి సరైన మాటే. మొదటి కారణం ఇప్పుడు పెద్దగా లేదు. రెండోది?

దానికి జర్మనీ చూడాలి. అక్కడ ఒక్కొక్కరికి రెండు ఓట్లు, ఒకటి నియోజకవర్గం మనిషికి, ఇంకోటి పార్టీకి. సభలో బలం రెండో ఓటుని బట్టి. 5 శాతం గడప దాటాలి, లేకపోతే మూడు నియోజకవర్గాలైనా గెలవాలి. 2025 ఫిబ్రవరిలో ఏఎఫ్‌డీకి 20.8 శాతం వచ్చింది, 630లో 152 సీట్లు వచ్చాయి. స్టట్‌గార్ట్ ఆవిడ ఆ సోమవారం కెమెరా ఆన్ చెయ్యలేదు. బ్రిటన్‌లో రిఫార్మ్ పార్టీకి 14.3 శాతం వస్తే అయిదే సీట్లు కదా, మీ పద్ధతే నయం అంది లీడ్స్ అతనితో. నేను ఒప్పుకోలేదు. బ్రిటన్ గేటు అలాంటి పార్టీని పదిహేను దగ్గర ఆపుతుంది, ముప్పై దాటితే అదే గేటు మొత్తం ఇల్లు అప్పగిస్తుంది. జర్మనీలో ఇరవై వస్తే ఇరవయ్యే, ముప్పై వస్తే ముప్పయ్యే. వాళ్ళతో ఎవరూ చెయ్యి కలపకపోతే ప్రభుత్వం దక్కదు. నాకు ఏఎఫ్‌డీ అంటే ఏమాత్రం ఇష్టం లేదు, అయినా ఈ పద్ధతే భద్రం అనిపిస్తుంది.

అలాగని జర్మనీ లెక్క కడిగిన ముత్యమేం కాదు. ఒక పార్టీ 4.98 శాతం దగ్గర ఆగిపోయి దాదాపు 25 లక్షల ఓట్లు గాలికి పోయాయి. కొత్త చట్టం వల్ల 23 మంది తమ నియోజకవర్గంలో మొదటి స్థానంలో వచ్చి కూడా సభకి వెళ్ళలేదు. ఇది మన దగ్గర జరిగితే కలెక్టరాఫీసు మిగలదు. మే 6న మెర్ట్స్ ఛాన్సలర్ కావడానికి 316 ఓట్లు కావాలి, మొదటి విడతలో 310 వచ్చాయి, కూటమి బలం 328 ఉండగా. రెండో విడతలో గట్టెక్కాడు. ప్రభుత్వం నిలవడం కష్టమే, ఒప్పుకుంటాను.

అయినా నన్ను అటువైపు లాగేది కొల్లేరు. 1999లో అయిదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అని జీవో వచ్చింది. 2005, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువు గట్లు తెగ్గొట్టారు. ఆ పని చేసిన ప్రభుత్వమే ఉండగా 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకి కుదించాలని శాసనసభ తీర్మానం చేసింది. ఎందుకని అడగక్కర్లేదు. లంక గ్రామాలు కైకలూరు, దెందులూరు, ఉంగుటూరు ఇలా నాలుగైదు నియోజకవర్గాల్లో విడిపోయి ఉన్నాయి. ఎక్కడా మెజారిటీ కాదు, ఎక్కడైనా గెలుపోటములు తేల్చగలరు. వాళ్ళ కష్టం నిజం, పట్టా భూములు పోయినవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. చెరువు పోవాలని ఆ గుడ్డి లెక్కలో ఏ పార్టీ అనగలదు? ఆటపాక గూడబాతులకి ఓట్లు లేవు. కొల్లేరు పూడిపోతే వానాకాలం ఏలూరు మునుగుతుందని తెలిసినవాళ్ళు జిల్లా అంతా చెల్లాచెదురుగా ఉన్నారు, ఏ ఒక్క చోటా గెలిచేంతమంది లేరు. జర్మనీలో గ్రీన్స్ 1983లో 5.6 శాతంతో సభలోకి వచ్చారు, ఒక్క నియోజకవర్గం కూడా గెలవకుండా. బ్రిటన్ గ్రీన్స్‌కి మొదటి ఎంపీ దొరకడానికి 2010 దాకా పట్టింది.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నానమ్మకి ఈ అరవై ఒకటి లెక్క చెప్పాను. ఆవిడకి తొంభై దాటాయి. తాత ఉంటే ఎంత సంబరపడేవాడో అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

"అప్పుడు ఒక్కోళ్ళకి ఒక్కో పెట్టె ఉండేదిరా. పెట్టె మీద బొమ్మ. మీ తాత కంకి కొడవలి పెట్టెలో వెయ్యమని మూడు రోజులు చెప్పాడు."

"వేశావా?"

"లోపలికెళ్తే నేనొక్కదాన్నే కదా. ఎద్దుల పెట్టెలో వేసొచ్చాను. ఆయనకి చెప్పలా."