పుర్రె తెరిచి ప్రాణం నిలిపే చికిత్స: ఒక శతాబ్దపు కథ

మెదడులోని పెద్ద రక్తనాళం పూడుకుపోయి పక్షవాతం వచ్చినప్పుడు, దెబ్బతిన్న భాగం కొన్ని రోజుల్లోనే తీవ్రంగా వాచవచ్చును. చుట్టూ గట్టి పుర్రె ఉన్నందున వాపునకు చోటుండదు; మెదడు కాండం నొక్కుకుపోయి ప్రాణం పోతుంది.

పుర్రెలో కొంత ఎముకను తొలగించి ఈ ఒత్తిడిని తగ్గించవచ్చునని 20వ శతాబ్దారంభంలోనే కోచర్, కుషింగ్ అనే శస్త్రవైద్యులు సూచించారు. పక్షవాతంలో దాని ప్రయోజనం రుజువు కావడానికి మాత్రం నూరేళ్లు పట్టింది. 2007లో ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ పరిశోధనల ఫలితాలను కలిపి చూశారు. 60 ఏళ్లలోపు రోగుల్లో, 48 గంటల్లోగా ఈ శస్త్రచికిత్స పొందినవారిలో నూటికి 78 మంది ఏడాది తరువాత జీవించి ఉన్నారు. పొందనివారిలో 29 మందే మిగిలారు.

అయితే ఆ 78 మందిలో 35 మందికి నడకకూ నిత్యకృత్యాలకూ ఇతరుల సాయం తప్పలేదు. ఈ చికిత్స ప్రాణాన్ని నిలుపుతుంది. చచ్చుబడిన చేతిని, కాలిని తిరిగి ఇవ్వదు. సంతకం పెట్టే ముందు కుటుంబం వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్న ఇదే.

దేశంలో తొలి న్యూరోసర్జరీ విభాగం 1949లో డాక్టర్ జాకబ్ చాందీ నేతృత్వంలో మన పొరుగునే, వేలూరు సి.ఎం.సి.లో వెలిసింది. 1993లో సేవలు ప్రారంభించిన తిరుపతి స్విమ్స్‌లోనూ నేడు ఆ విభాగం ఉన్నది. కనుక మూతి వంకర, మాట తడబాటు, చేయి పట్టు తప్పడం కనిపించిన వెంటనే పెద్దాసుపత్రికి బయలుదేరండి. పసరు మందుల కోసం పోగొట్టుకున్న గంటలు మళ్లీ రావు.