డప్పు కొట్టే నాయకుడు

పిల్లలు ఆడుకునే ఒక వీడియో ఆటలోని కల్పిత జంతువుతో ఈ టపా మొదలవుతున్నందుకు ఆశ్చర్యపడకండి. దారి అక్కడ మొదలైనా చేరవలసిన చోటు మన హుజూరాబాద్ పల్లెలే.

జపాను దేశపు పోకెమాన్ ఆటల పరంపర 1996లో ఆరంభమైనది. చిత్రవిచిత్ర జంతువులను పట్టి, పెంచి, వాటితో పోటీలు నెగ్గడం ఈ ఆటల సారాంశం. 2019 నవంబరు 15న విడుదలైన ‘స్వోర్డ్’, ‘షీల్డ్’ అనే జంట ఆటల్లో గ్రూకీ అనే ఒక చిన్న కోతి ఉన్నది. ఆట మొదట్లో ఎంచుకోదగిన మూడు జంతువుల్లో అది ఒకటి. దాని ఆస్తి తలవెంట్రుకల్లో దోపుకున్న ఒక్క పుల్ల. ఆ పుల్లతో అది దరువు వేస్తే చుట్టూ ఉన్న మొక్కలకు జీవం వస్తుందట. కొంత ఎదిగి త్వాకీ అయ్యేసరికి చేతికి రెండు కర్రలు వస్తాయి. ఎంత వేగంగా దరువు వేయగలిగితే తోటివారిలో అంత గౌరవం. పూర్తిగా ఎదిగితే రిల్లబూమ్ అనే గొరిల్లా వంటి భారీ రూపం. అప్పుడు దాని వాద్యం ఒక చెట్టు మొద్దు. అది మోగితే మొద్దు వేళ్ళు దాని మాట విని కదులుతాయి.

నన్ను ఆపింది ఆ బలం కాదు, ఆటవారు దాని గురించి చెప్పిన ఇంకొక సంగతి. ఆ మందలో అందరికన్నా బాగా వాయించేదే నాయకత్వం వహిస్తుంది. స్వభావం మెత్తనిది, గుంపులో సామరస్యాన్ని కోరుకుంటుంది. అంటే వాద్యమే అధికార చిహ్నం, వాద్యకారుడే పెద్ద.

మన పురాణాలకు ఈ ఊహ కొత్త కాదు. భాగవతం అష్టమ స్కంధంలో వామనుడు త్రివిక్రముడై లోకాలను కొలిచినప్పుడు, భల్లూకరాజు జాంబవంతుడు మనోవేగంతో తిరుగుతూ భేరి మోగించి ఆ విజయాన్ని అన్ని దిక్కులకూ చాటాడు. త్రివిక్రముని కాలంలో తాను భూమికి ఇరవై ఒక్కసార్లు ప్రదక్షిణం చేశానని రామాయణం కిష్కింధాకాండలో ఆయనే చెప్పుకుంటాడు. ఆయన వానరసేనలో వయోవృద్ధుడు, హనుమంతునికి తన బలాన్ని గుర్తుచేసి సముద్రం దాటించిన పెద్ద. భేరి పట్టినందువల్ల ఆ పెద్దరికానికి లోటు రాలేదు.

ఆ జాంబవంతుణ్ణే తెలుగునాట మాదిగలు తమ మూలపురుషునిగా చెప్పుకుంటారు. డక్కలి, చిందు కళాకారులు చెప్పే జాంబపురాణంలో ఆయన భూమి కన్నా ఆరు నెలల ముందు పుట్టినవాడు. ఊళ్ళో డప్పు మోగించే బాధ్యత తరతరాలుగా ఆ మాదిగలదే. పురాణంలో భేరి మోగించినవాడు రాజు. ఊరిలో డప్పు మోగించినవాడు మాత్రం ఊరి అంచున నిలబడవలసివచ్చింది. ఈ దూరం ఎలా ఏర్పడిందన్నదే నా ప్రశ్న.

హుజూరాబాద్, జమ్మికుంట, వీణవంక ప్రాంతపు పల్లెల్లో డప్పు లేని సందర్భం ఏది? పోచమ్మ బోనాలకు డప్పు, పీరీల పండుగకు డప్పు, పెండ్లి ఊరేగింపుకు డప్పు, పాడె ముందు డప్పు. సర్కారు కబురైనా, దొర ఆజ్ఞయైనా చాటింపుతోనే జనానికి చేరేది. చెక్క చట్రానికి తోలు బిగించి, మంట దగ్గర కాచి, శ్రుతికి తెచ్చి, భుజానికి తగిలించుకుని వాయిస్తారు. కుడిచేత పొట్టి సిర్ర, ఎడమచేత సన్నని సిటికెన పుల్ల. త్వాకీకి కూడా కర్రలు రెండేనని ఇక్కడ గుర్తుకు రాక మానదు. తోలు చల్లబడితే గొంతు తగ్గుతుంది. అందుకే ఆట నడుమ మళ్ళీ మళ్ళీ గడ్డిమంట వేస్తారు. దరువు మారితే అడుగు మారుతుంది. పెండ్లి దరువు వేరు, చావు దరువు వేరు. దూరాన వినేవారికి ఊళ్ళో ఏం జరుగుతున్నదో దరువే చెప్పేది.

ఇంత అవసరమైన వాద్యానికి అవమానం ఎందుకు అంటుకున్నది? తోలు వల్ల. చచ్చిన పశువును మోసినవాడు, తోలు ఊనినవాడు, ఆ తోలును చట్రానికి బిగించినవాడు అంటరానివాడు. విచిత్రమేమంటే గుడిలో మోగే మృదంగానిదీ తోలే. మృదంగం తయారుచేసే దళిత కుటుంబాల చరిత్రను గాయకుడు టి.ఎం. కృష్ణ 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అనే గ్రంథంగా వెలువరించారు. వాయించినవాడు విద్వాంసుడైతే, తోలు బిగించినవాని పేరు చాలాకాలం ఎవరికీ పట్టలేదు. డప్పు విషయంలో తయారుచేసేవాడూ వాయించేవాడూ ఒకే వాడకు చెందినవారు. కాబట్టి అవమానం రెండింతలైనది.

ఇది మన ఒక్కరి జాడ్యమూ కాదు. ఆ ఆట పుట్టిన జపానులో కూడా తైకో అనే పెద్ద డోళ్ళకు తోలు సిద్ధంచేసినవారు బురాకుమిన్ అనే వెలివేయబడిన వర్గంవారే. 1871లో చట్టం వారికి సమానత్వం ప్రకటించినా వివక్ష పోలేదు. 1922లో వారు సుయిహేయిషా అనే సంఘం పెట్టుకున్నారు. డోళ్ళ తయారీకి పేరుపొందిన ఒసాకా నగరపు నానివా ప్రాంతంలో యువకులు 1987లో ‘తైకో ఇకారి’ అనే బృందంగా ఏర్పడి, అంతవరకు తాము తయారుచేసి ఇతరుల చేతికి ఇచ్చిన డోలును తామే వాయించడం మొదలుపెట్టారు. ఇకారి అంటే ఆగ్రహం.

ఇక రిల్లబూమ్ తిరిగే గాలార్ అనే కల్పిత దేశానికి నమూనా బ్రిటన్. ఇంగ్లీషువారు సంఘ బహిష్కృతునికి వాడే ‘పరయా’ అన్న మాట తమిళంలోని పఱైయర్ అన్న కులనామం నుండి వెళ్ళినది. పఱై అంటే డప్పు. డప్పు వాయించేవాడన్న మాట సముద్రం దాటి వెలివేయబడినవాడన్న అర్థంతో స్థిరపడింది. మన భాష మాత్రం తక్కువ తిన్నదా? ‘తన డప్పు తానే కొట్టుకుంటాడు’ అన్నప్పుడు ఎత్తిపొడుపే గాని వాద్యం మీద మర్యాద ఎక్కడ?

ఈ అర్థాన్ని తిరగరాసినవారు పండితులు కారు, వాయించినవారే. నిజాం రాజ్యంలో డప్పు కొట్టడం కూడా వెట్టిలో భాగమే. పిలిచినప్పుడు పోవాలి, కూలి అడగరాదు. 1930లో జోగిపేటలో మొదలై 1935లో మన సిరిసిల్లకు వచ్చిన ఆంధ్ర మహాసభ సమావేశాల ప్రధాన కోర్కెల్లో వెట్టి రద్దు ఒకటి. అయినా దొరల గడీలు చాలాకాలం నిలిచాయి. 1978 నాటి జగిత్యాల జైత్రయాత్ర కాలానికి కరీంనగర్ పల్లెల్లో కూలీలు సంఘాలు కట్టి వెట్టిని ధిక్కరించారు. 1970లలోనే గద్దర్ వంటివారితో జననాట్యమండలి డప్పును వేదిక మీదికి తెచ్చింది. దొర ఆజ్ఞను చాటిన వాద్యం దొరకు ఎదురుతిరిగిన పాటకు తోడైనది.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టినప్పుడు, ఆ ఉద్యమానికి జనం పెట్టుకున్న పేరు దండోరా. కులం పేరును దాచుకోవలసిన చోట, పేరు వెనుకా డప్పు మీదా దాన్ని బాహాటంగా నిలబెట్టుకున్నారు. ఎస్సీ వర్గీకరణ కోసం వారు సాగించిన పోరాటానికి 2004లో సుప్రీంకోర్టు అడ్డుకట్ట వేయగా, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దారి తెరిచింది. 2025 ఏప్రిల్ 14 నుండి తెలంగాణలో వర్గీకరణ అమలులోకి వచ్చింది. ఒక వాద్యం పేరు పెట్టుకున్న ఉద్యమం ముప్పై ఏండ్లు నిలిచి చట్టమైనది.

ఇతరులు కూడా ఆ దారినే నడిచారు. ఆదివాసులకు తుడుందెబ్బ, గొల్లకురుమలకు డోలుదెబ్బ, లంబాడీలకు నంగారా భేరి. ఒక్కొక్క జాతి తన హక్కుల సంఘానికి తన వాద్యం పేరే పెట్టుకున్నది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాంలు ఆ మోతలన్నిటినీ తెలంగాణ ఉద్యమపు వేదిక మీద కలిపాయి.

2021 ఆగస్టు 16న హుజూరాబాద్ మండలం శాలపల్లిలో దళితబంధు పథకం ప్రారంభమైనది. కుటుంబానికి పది లక్షల రూపాయలు. డబ్బు అవసరమైనదే, కాదనను. కాని డప్పు చుట్టూ ఉన్న ప్రశ్న డబ్బుతో తీరేది కాదు. చావు ముందు నడిచే డప్పును మేము ఇక కొట్టమని కొందరు యువకులు వదిలేస్తారు. అది న్యాయమే, తాతను బలవంతంగా నడిపించిన దారిలో మనవడు నడవనక్కరలేదు. ఇదే మా విద్య, గర్వంగా వాయిస్తామని మరికొందరు బృందాలు కడతారు. అదీ న్యాయమే. ఈ ఇద్దరి నడుమ తప్పు పట్టవలసినవారు ఎవరైనా ఉంటే, అవసరానికి డప్పును పిలిచి, పంక్తిలో డప్పువాణ్ణి వేరుగా కూర్చోబెట్టిన మిగతా ఊరే.

ఎవరో ఊహించిన కోతిమందలో నియమం ఒక్కటే, విద్య ఉన్నవానికి గౌరవం. మన ఊరికి ఆ నియమం తెలియక కాదు. జాంబవంతుని కథ వింటూనే దాన్ని పాటించలేదు. ఆ వాడల పెద్దల నోట ఉన్న దరువుల పేర్లు ఈనాటికీ చాలావరకు పుస్తకాలకెక్కలేదు. మీ మీ ఊళ్ళలో వాయించేవారిని అడిగి, ఏ దరువు దేనికో, ఏ కర్రను ఏమంటారో, వారు చెప్పిన మాటల్లోనే వ్రాసి పెట్టండి. నేర్పినవారి పేరు, వారు ఒప్పుకుంటే, పైన ఉండాలి. విద్వాంసుల విషయంలో మనం చేసేది అదే కదా.