కోల్న్ ఏటి ఒడ్డున బైబరీ



ఈ బొమ్మ మీరూ ఏదో ఒక క్యాలెండరు మీద చూసే వుంటారు. పచ్చికబయలు, పక్కన చిన్న ఏరు, ఏటి అవతల తేనెరంగు రాతిగోడలతో బొమ్మరిళ్ళలాంటి ఇళ్ళ వరస. మా వంటింట్లో ఏడాదంతా వేలాడింది. దానిమీద పాల లెక్క రాసుకున్నానే గాని, ఆ ఊరేదో తెలుసుకోవాలని తోచలేదు. తీరా చూస్తే అది ఇంగ్లండులో గ్లోస్టర్‌షైర్‌లోని బైబరీ. ఆ ఇళ్ళ వరస పేరు ఆర్లింగ్టన్ రో.

కోట్స్‌వోల్డ్ కొండల్లో పుట్టి థేమ్స్ నదిలో కలిసే కోల్న్ అనే ఏరు ఈ ఊళ్ళోంచి పారుతుంది. అక్కడ నేలంతా సున్నపురాయి. గోడలకూ అదే, పలకలుగా చీల్చి కప్పులకూ అదే. కొండల మీద గొర్రెల మందలు. వాటి ఉన్నితోనే ఆ ప్రాంతమంతా బతికింది.

ఆర్లింగ్టన్ రో మొదట ఇళ్ళే కాదు. 1380 ప్రాంతంలో మఠంవారు ఉన్ని దాచుకోవడానికి కట్టించిన కొట్టు. 17వ శతాబ్దంలో దాన్ని నేతగాళ్ళ ఇళ్ళుగా మార్చారు. నేసిన బట్టను దగ్గరలోని నీటి మిల్లుకు తీసుకుపోయేవారు. అక్కడ తడిపి కొయ్య సుత్తులతో బాదితే ఉన్ని బట్ట దగ్గరపడి చిక్కనవుతుంది. మన చాకిరేవు బండ దగ్గర మనిషి చేసే పని, అక్కడ ఏటి నీటితో తిరిగే చక్రం చేసేదన్నమాట! ఆ తర్వాత ఇళ్ళ ఎదుటి లంకలో కొయ్యచట్రాలకు బిగలాగి ఆరబెట్టేవారు. క్యాలెండరులో మనం చూసే పచ్చికబయలు ఆ లంకే.

మగ్గం మగవాడిదైనా, దానికి నూలు అందించాలంటే ఎందరో ఆడవాళ్ళు వడకాలి. పెళ్ళికాని స్త్రీని ఇంగ్లీషులో ‘స్పిన్‌స్టర్’ అంటారు కదా, ఆ మాటకు అసలర్థం నూలు వడికే మనిషి. మెట్రిక్ దాకా ఇంగ్లీషు చదివాను, ఈ సంగతి మాత్రం ఈమధ్యే తెలిసింది.

లాంకషైర్ మిల్లుగుడ్డ మన నేతగాళ్ళ నోటి దగ్గర కూడు లాక్కుందని మనకు తెలుసు. అదే యంత్రాల కాలం కోట్స్‌వోల్డ్ నేతగాళ్ళనూ వదల్లేదు. ఉన్ని పని యార్క్‌షైర్ ఫ్యాక్టరీలకు తరలిపోయింది. పల్లెలు చితికిపోయాయి. కొత్త ఇళ్ళు కట్టే స్తోమత లేక పాతవి అలాగే మిగిలాయి. ఆ లేమినే మనం అందమని గోడకు తగిలించుకున్నాం. విలియం మారిస్ అనే కవి బైబరీని ఇంగ్లండులోకెల్లా అందమైన పల్లె అన్నాడు. అమెరికా కార్ల కోటీశ్వరుడు హెన్రీ ఫోర్డయితే ఆ చుట్టుపక్కలి చెడ్‌వర్త్‌లో ఒక పాత ఇల్లు కొని, 1930 ప్రాంతంలో రాళ్ళు ఊడదీయించి ఓడలో తన దేశం పట్టుకుపోయాడు!

బైబరీ ఇళ్ళలో ఇప్పటికీ మనుషులు కాపురముంటున్నారు. కిటికీలోంచి తొంగిచూసే యాత్రికులకు అది గుర్తుండదు. అక్కడ ఒక పెద్దాయనకు పసుపుపచ్చ కారుండేది. ఫోటోలు పాడవుతున్నాయని వచ్చినవాళ్ళు సణిగారు. 2017లో ఎవరో దాని అద్దాలు పగలగొట్టి, పైన ‘కదులు’ అని గీకిపోయారు. ఆ ఏప్రిల్‌లో ఎక్కడెక్కడి వాళ్ళో పసుపుపచ్చ కార్లు వేసుకుని వచ్చారు. సుమారు వంద కార్లు, ఒకదాని వెనక ఒకటి, ఆ చిన్న ఊళ్ళోంచి తాపీగా సాగిపోయాయి.