ఇంటి భాషకు బడిలో న్యాయం: పరిశోధనలు చెప్పిన చరిత్ర

విద్యలో సామాజిక న్యాయమనగానే ఉపకార వేతనాలు, మధ్యాహ్న భోజనం, ఉచిత పాఠ్యపుస్తకాలు మన స్ఫురణకు వస్తాయి. అవన్నీ అవసరమే. అయితే పిల్లలు ఇంటినుండి తెచ్చుకొనే భాషను బడి ఏ దృష్టితో చూస్తున్నదన్నది కూడా న్యాయానికి సంబంధించిన ప్రశ్నే. ఇంట తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే పిల్లలకు డెబ్బయి అయిదు సంవత్సరాలుగా విద్య గరపుతున్న మన పాఠశాల ఆ ప్రశ్న చరిత్రను తెలుసుకోవడం సముచితం.

1923లో వేల్స్‌లో డి.జె. సేయర్ అనే పరిశోధకుడు సుమారు 1400 మంది బాలబాలికలను పరీక్షించి, వెల్ష్, ఇంగ్లీషు రెండూ మాట్లాడే పిల్లలు ఇంగ్లీషు మాత్రమే వచ్చిన పిల్లలకంటే బుద్ధిలో వెనుకబడి ఉన్నారని ప్రకటించాడు. ఆ తేడా పల్లెల్లోనే కానవచ్చింది, పట్టణాల్లో కానరాలేదు. అయినా నింద భాషమీదే పడింది. తరువాతి దశాబ్దాలలో ఇటువంటి అధ్యయనాలు మరెన్నో వెలువడ్డాయి. పిల్లల కుటుంబ స్థితిగతులను సరిచూడకుండా పోల్చడం వాటిలో తరచుగా కనిపించే లోపం. పేదరికం చేసిన కీడు భాష ఖాతాలో జమ అయింది.

1962లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ ఈ లోపాన్ని సవరించారు. మాంట్రియల్ నగరంలోని ఫ్రెంచి పాఠశాలల్లో పదేళ్ల పిల్లలను, వారి కుటుంబ స్థితిని గమనంలో ఉంచుకొని పోల్చగా, రెండు భాషలూ చక్కగా వచ్చినవారే ముందంజలో ఉన్నట్లు తేలింది.

మనకు మరింత సన్నిహితమైన నిదర్శనం ఒడిశాలోనే ఉంది. భువనేశ్వర్‌లోని ఉత్కళ విశ్వవిద్యాలయ ఆచార్యులు అజిత్ మహంతి, ఆయన సహచరులు 1980ల దశకంలో నాటి ఫుల్బాణి జిల్లాలోని కోంధు గిరిజన బాలలను అధ్యయనం చేశారు. అక్కడ కొన్ని ప్రాంతాల కోంధులు తమ కుయి భాషను కోల్పోయి ఒడియా మాత్రమే మాట్లాడుతున్నారు. మరికొన్ని ప్రాంతాలవారు రెండూ మాట్లాడుతున్నారు. జాతి ఒకటే, జీవన విధానమూ ఒకటే, భేదం భాషలోనే. కుయిని నిలుపుకొన్న పిల్లలే ఆలోచనాశక్తిని కొలిచే పరీక్షల్లో మెరుగుగా నిలిచారు. ఈ కృషి 1994లో మైసూరులోని భారతీయ భాషల కేంద్రీయ సంస్థ ద్వారా గ్రంథరూపం పొందింది. కుయి మన తెలుగుకు తోబుట్టువు వంటిది. ద్రావిడ కుటుంబంలో రెండూ ఒకే శాఖవి.

మాతృభాషా బోధన ఆవశ్యకతను చాటిన ఇటువంటి పరిశోధనల వెలుగులో బహుభాషా విద్యా పథకాలు రూపొందాయి. ఆంధ్రప్రదేశ్ 2004లో 8 గిరిజన భాషల్లో, ఒడిశా 2007లో కుయితో సహా 10 గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన ఆరంభించాయి. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన సౌకర్యం కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం నిర్దేశించింది. 2009 విద్యాహక్కు చట్టం మాత్రం మాతృభాషా బోధనను ఆచరణకు వీలైనంత మేరకు అన్నది. ఆ వీలు కల్పించేది ప్రభుత్వాలూ, ఉపాధ్యాయులూ, తల్లిదండ్రులే.

“ఇంట్లో తెలుగు మానేస్తే పిల్లవాడికి చదువు బాగా వస్తుందా?” అని అడిగే తల్లిదండ్రులు నేటికీ ఉన్నారు. వారి ఆందోళన పిల్లలమీది మమకారం నుండి పుట్టినదే. ఒడియా కావాలి, ఇంగ్లీషూ కావాలి. కాని వాటికోసం తెలుగును వదలుకోనక్కరలేదు. ఇంటి భాష పిల్లలకు భారం కాదు, మూలధనం. ఆ ధనాన్ని వృద్ధి చేయడమే మన పాఠశాల కర్తవ్యం.