అలుకయు, దానిని తీర్చుటయు

కోపము ఎవరిమీదనైనను రావచ్చును. అలుక అట్లు కాదు. వచ్చి బతిమాలువారొకరు ఉన్నారన్న నమ్మకము లేనిదే ఎవరును అలుగరు. భారతీయ భాషలలో అలుకను తెలుపు మాటలను పరిశీలించినచో ఆ రెండవ మనిషి వాటి చాటున నిలిచియే ఉండును. హిందీలో ‘రూఠ్‌నా’ అనగానే ‘మనానా’ అన్న మాట జతగా నోటికి వచ్చును. మొదటిది అలుగుట, రెండవది అలుక తీర్చుట. ‘రూఠ్‌నా’ సంస్కృతమునందలి ‘రుష్ట’ శబ్దమునుండి ప్రాకృతము మీదుగా వచ్చినది. ‘మనానా’కు మూలము ‘మన్’ ధాతువు. ప్రణయకోపమునకు సంస్కృతాలంకారికులు పెట్టిన ‘మానము’ అను పేరును ఆ ధాతువునుండియే పుట్టినది. రోగమును మందును ఒకే వేరునుండి వచ్చినవన్నమాట.

ఆ వేరునకే చెందిన ‘అభిమానము’ కథ ఇంకను చిత్రమైనది. హిందీవారికి అది గర్వము. తెలుగువారికి ఆత్మగౌరవము, అంతకంటె తరచుగా ఆప్యాయత. వంగదేశీయునకు మాత్రము, తనవారే తన మనసు నొప్పించినపుడు కలుగు మూగబాధ. పరాయివాడు అవమానించినచో బెంగాలీ కోపించునుగాని అభిమానపడడు. మూడు భాషల అర్థములను ఒకచోట చేర్చినచో అలుకకు పూర్తి లక్షణము దొరకును: గర్వము, ప్రేమ, గాయము. ఉర్దూలోని ‘ఖఫా’ దారి వేరు. పారసీకములో దాని మొదటి అర్థము ఊపిరాడకుండుట.

తమిళులు దీనిని ‘ఊడల్’ అనిరి. తొల్కాప్పియము ప్రేమదశలను భూభాగములకు పంచిపెట్టినపుడు ఊడల్‌ను మరుదమునకు, అనగా పంటపొలముల సీమకు ఇచ్చినది. ఆ సీమలోని సంపన్నగృహస్థు వేశ్యల యిండ్లనుండి తిరిగివచ్చుటయు, ఇల్లాలు తలుపు తీయకుండుటయు ఆ పద్యములకు వస్తువు. తిరుక్కురళ్‌లోని 133 అధికారములలో చివరి మూడును అలుకను గూర్చినవే. ధర్మార్థములను అంత కట్టుదిట్టముగా చెప్పిన గ్రంథము అలుకలోని ఆనందముతో ముగియుట విశేషము.

సంస్కృతాలంకారికుల చూపు మాత్రము అలుగుటకంటె తీర్చుటపైననే ఎక్కువగా నిలిచినది. 10వ శతాబ్ది నాటి దశరూపకమునను, 14వ శతాబ్ది నాటి సాహిత్యదర్పణమునను అందులకు ఆరు ఉపాయములు చెప్పబడినవి: సామము, భేదము, దానము, నతి, ఉపేక్ష, రసాంతరము. రాజనీతి చదివినవారికి ఈ పట్టిక ఎక్కడనో చూచినట్లే ఉండును. సామదానభేదములు శత్రురాజును లొంగదీయుటకు చెప్పినవే. కాని నాలుగవదైన దండము ఇచట లేదు. దాని స్థానమున నతి, అనగా కాళ్లపై పడుట, వచ్చి కూర్చున్నది. రాజు తన దండమును పడకటింటి వాకిట విడిచి లోనికి రావలెను.

ఆ నతియే కవులను ఆకర్షించినది, భయపెట్టినది కూడ. రాధ పాదమును తన తలపై ఉంచుమని కృష్ణుడు వేడు మాటను గీతగోవిందమున వ్రాయుటకు జయదేవునకు చేయి రాలేదనియు, స్వామియే ఆయన రూపమున వచ్చి దానిని పూరించి పోయెననియు ఐతిహ్యము. 16వ శతాబ్దిలో నంది తిమ్మన అంత సంకోచింపలేదు. పారిజాతాపహరణమున సత్యభామ ఎడమకాలు కృష్ణుని తలను తాకియే పోయినది. పురుషుని అలుకకు వెల వేరు. తెలుగు పెండ్లిండ్లలో అలకపాన్పు ఎక్కిన కొత్త అల్లుడు కానుక మాట తేలువరకు దిగడు. అక్కడ నతితో పని లేదు, దానము చాలును.

అయితే స్త్రీకి లభించిన ఈ చనువునకు ఒక హద్దు ఉన్నది. మానము తీరవలెను, తీరునన్న ఒప్పందము మీదనే దానికి శృంగారమున చోటు దక్కినది. కైకేయి పోయి పడుకొన్న గదిని వాల్మీకి క్రోధాగారమనెను. దశరథుడు అచట బుజ్జగించెను, ఇత్తుననెను, కాళ్లుపట్టుకొనుటకును వెనుదీయలేదు. ఆమె కోరినది నగ కాదు, సింహాసనము. దానిని మానమని పిలుచుటకు ఎవరికి మనసొప్పును?

హద్దు దాటిన మరియొక స్త్రీ చరిత్రలో ఉన్నది. జైసల్మేరు రావల్ లూణకరణుని కుమార్తె ఉమాదేను 1536 ప్రాంతమున మార్వాడు రాజు మాల్‌దేవుడు పెండ్లాడెను. ఆ రాత్రి మద్యపుమత్తులో అతడు పెండ్లికూతురి దాసి భార్‌మలీతో గడపెనని రాజస్థానపు గాథలు చెప్పును. ఉమాదే అతని మొగము చూడనన్నది. రాయబారములు నడచినవి. ఒకమారు జోధపురమునకు బయలుదేరినది కూడ. దారిలో ఆసా అను చారణకవి చెప్పిన ఒక దోహా విని, మానమో మగడో ఒకటే దక్కునని గ్రహించి, ఆగిపోయినదట. తరువాత మాల్‌దేవుని పెద్దకొడుకు రాముడు తండ్రిచే వెడలగొట్టబడి మేవాడులోని కేల్వా చేరినపుడు ఆమెయు అచటికే పోయినది.

ఒక స్త్రీ పాతికేండ్లకు పైగా ‘కాదు’ అన్న మాటపై నిలిచినది. దానిని నిరాకరణమనుట న్యాయము. లోకము ఆమెకు పెట్టిన పేరు మాత్రము ‘రూఠీ రాణీ’, అలిగిన రాణి. నేడో రేపో ఎవరో వచ్చి బతిమాలుదురు, ఆమె లేచి వచ్చునన్న ఊహ ఆ పేరులోనే ఉన్నది. 1562లో మాల్‌దేవుడు మరణించెను. అతని తలపాగా కేల్వాకు వచ్చినపుడు ఆమె దానితో చితి ఎక్కినది. 1907లో ప్రేమ్‌చంద్ ఉర్దూలో ఆమె కథ వ్రాసినపుడును పేరు మారలేదు. ఆ పుస్తకము ‘రూఠీ రానీ’.